‘డా’ తగిలిస్తే పాస్ట్ టెన్స్ అయిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మీ ఆదివారం పేజీలో ఈమధ్య వియత్నామీస్ పాఠాలు వేస్తున్నారు కదా, మా ఇంట్లో ఆ పేజీ చదివేది నేనొక్కడినే అనుకుంటా, అయినా వారం వారం కట్ చేసి దాచుకుంటున్నా. పోయిన ఆదివారం పాఠం భూతకాలం గురించి. అది చదివాక మాత్రం ఊరుకోలేక రాస్తున్నా. ఉత్తరం పెద్దదైపోయేలా ఉంది, కావాలంటే నా సొంత గోల అంతా తీసేయండి, ‘చువా’, ‘రోయ్’ అనే రెండు వియత్నాం మాటల గురించి రాసింది మాత్రం ఉంచండి, అసలు సంగతంతా అక్కడే ఉంది.

నేను పండితుణ్ణేం కాదండి. భీమవరం వైపు వాణ్ణి, రొయ్యల మేత లైన్లో టెక్నీషియన్ని. పని మీద వియత్నాం దక్షిణం కొసన కామావ్ అనే చోట ఏడాదిన్నర ఉన్నా. మెకాంగ్ డెల్టా అది, అంతా చెరువులే, నీళ్ళల్లో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు వింటూ కళ్ళు మూసుకుంటే మన భీమవరం దగ్గరి ఉండి, ఆకివీడు ఊళ్ళ వైపు ఉన్నట్టే ఉంటుంది. వెళ్ళే ముందు మూడు నెలలు ఫోన్లో ఇంగ్లీషు ద్వారా నేర్పే పాఠాలు బట్టీ పట్టి వెళ్ళా. మీరు వేసిన టేబుల్ అచ్చంగా అదే టేబుల్! తిను అంటే ‘అన్’, తిన్నాను అంటే ‘డా అన్’, తింటున్నాను అంటే ‘డాంగ్ అన్’, తింటాను అంటే ‘సే అన్’. నాలుగు గళ్ళు, నాలుగు కాలాలు, చూడ్డానికి భలే నీట్‌గా ఉంటుంది. తప్పని అననండి, ఆ మాటలన్నీ ఆ భాషలో ఉన్నాయి. కానీ ఆ టేబుల్ పట్టుకుని అక్కడికెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే అయ్యింది కాబట్టి.

వెళ్ళిన రెండో వారంలో చెరువు యజమాని, పెద్దాయన, మా నాన్న కంటే చిన్న, అందుకని ఆయన్ని ‘చూ’ అనాలి, అంటే బాబాయి. వాళ్ళకి నువ్వు, నేను అనే మాటల బదులు ఇలా బాబాయి, పెదనాన్న, అన్న, అక్క, చెల్లి అనే నడుస్తుంది, ఈ విషయంలో మనకి అక్కడ పరాయితనం అనిపించదు. ఆయన నిన్న ఏం చేశావు అనడిగాడు. నేను ఉత్సాహంగా మొదలెట్టా, నిన్న నేను డా లేచా, డా తిన్నా, డా చెరువుకెళ్ళా, డా నీళ్ళు చెక్ చేశా, డా రూముకొచ్చా అని. ఆయన ఓపిగ్గా అంతా విని, పక్కనున్న కుర్రాళ్ళతో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. తర్వాత తెలిసింది, ‘మన ఇండియా అబ్బాయి పోలీసు స్టేషన్లో వాంగ్మూలం ఇస్తున్నట్టు మాట్లాడుతున్నాడు’ అన్నాడట. మన భాషలో చెప్పాలంటే ‘నిన్న నేను లేచియుంటిని, భుజించియుంటిని, చెరువునకు వెళ్ళియుంటిని’ అని ఎవరైనా చెప్తే ఎలా ఉంటుందో అలా ఉందన్నమాట నా కథ.

అసలు వాళ్ళు ఎలా చెప్తారంటే, ముందు ‘హోమ్ క్వా’ అంటారు, నిన్న అని. ఇక అంతే. ఆ తర్వాత క్రియలన్నీ ఉత్తి క్రియలే. నిన్న నేను వెళ్ళు బజారు, కొను చేప, వచ్చు ఇల్లు, వండు అన్నం. ఏ క్రియకీ ఏ తోకా ఉండదు, నేనైనా వాడైనా వాళ్ళైనా అదే మాట, నిన్నైనా రేపైనా అదే మాట. ఇది విని మనవాళ్ళు ‘అమ్మో గ్రామర్ లేని భాష’ అంటారు. ఒక్క నిమిషం ఆగి మన మాటే చూసుకోండి. ‘నిన్న బజారుకెళ్ళి, చేపలు కొని, ఇంటికొచ్చి, అన్నం వండా’ అంటాం. వెళ్ళి, కొని, వచ్చి, వీటిలో కాలం ఎక్కడుందండీ? రేపు బజారుకెళ్ళి చేపలు కొని ఇంటికొచ్చి వండుతా అన్నా ఆ మూడు మాటలూ అలాగే ఉంటాయి కదా. స్కూల్లో క్త్వార్థకం అని నేర్పారు గుర్తుందా, అదే. చివర్లో ‘వండా’ దగ్గరే మొత్తం వాక్యానికి కాలం తేలేది. మనకి కాలం వాక్యం తోకలో ఉంది, వాళ్ళకి తలలో ఉంది. తెలుగువాడికి ఈ ఒక్క మాట చెప్తే పావుగంటలో ఎక్కేస్తుంది, ఇంగ్లీషు టేబుల్ ద్వారా వెళ్ళడం వల్ల నాకు ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇంకోటి కూడా ఉంది. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు, ఆవిడ రాలేదు. మన దగ్గర కూడా ‘లేదు’ తగిలేసరికి నేను, నువ్వు, వాళ్ళు తేడాలన్నీ ఎగిరిపోతాయి. వాళ్ళ క్రియలన్నీ ఎప్పుడూ ఇలాగే ఉంటాయి అనుకుంటే చాలు.

కాబట్టి నా గోల ఏంటంటే, భూతకాలం పాఠం అని పెట్టి మొదటి లైన్లోనే ‘డా’ నేర్పకండి, ముందు నిన్న, మొన్న నేర్పండి. ఇక్కడ మనకి దేవుడిచ్చిన అడ్వాంటేజ్ ఒకటుంది. నిన్న అంటే హోమ్ క్వా. మొన్న అంటే హోమ్ కియా. అటుమొన్న అంటే మళ్ళీ హోమ్ కియానే, కానీ రెండో మాటని కిందికి జార్చి పలకాలి, స్వరం ఒక్కటే తేడా. ఇంగ్లీషు వాడు మొన్న అనాలంటే ఎంత పొడుగు తిప్పి చెప్పాలో మీకు తెలుసు, అటుమొన్నకైతే వాడి దగ్గర మాటే లేదు. వియత్నాం వాళ్ళకీ మనకీ మూడు రోజులు వెనక్కి వెళ్ళడానికి మూడు పొట్టి మాటలున్నాయి. అలాగే ‘ఇందాక’ అనే మాట, దానికి వియత్నాం దక్షిణాది వాళ్ళు ‘హోయ్ నాయ్’ అంటారు, అచ్చం ఇందాకే. చిన్నప్పుడు అనడానికి ‘హోయ్ ఞో’. ఈ హోయ్ కనబడితే సాధారణంగా జరిగిపోయిన సంగతే. పోయిన ఏడాదికి ‘నమ్ ఙ్వాయ్’. మీ పాఠంలో వీటికి అడుగున చిన్న బాక్సు కట్టి ‘అదనపు పదాలు’ అని వేశారు. నా ఉద్దేశంలో అవే అసలు పాఠం, పైనున్న టేబులే అదనం.

అన్నట్టు ఙ, ఞ రాస్తుంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు పలక మీద దిద్ది, ఆ తర్వాత జన్మలో వాడని ఈ రెండక్షరాలకి వియత్నాంలో చేతినిండా పని. అక్కడ సగం మంది ఇంటిపేరులా కనబడే ‘ఙుయెన్’ దీనితోనే మొదలవుతుంది. మీవాళ్ళు దాన్ని ‘న్గుయెన్’ అని వేస్తున్నారు, మన దగ్గర అక్షరం ఉండి కూడా వాడకపోతే ఎలాగండీ. వాళ్ళ లిపి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, పూర్వం పోర్చుగల్, ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ ఫాదర్లు కట్టిన లిపి, అలెగ్జాండర్ డి రోడ్స్ అనే ఆయన డిక్షనరీ 1651లో రోమ్‌లో అచ్చయింది. అందుకే ఇంగ్లీషు అక్షరాలు చూసి ఇంగ్లీషులాగా చదివేస్తాం, ఇంగ్లీషులాగా టెన్సులు వెతికేస్తాం. నా అనుమానం తప్పంతా ఆ అక్షరాల దగ్గరే మొదలవుతుందని.

సరే చువా, రోయ్ దగ్గరికొస్తా. మనం ఎవరింటికెళ్ళినా ‘అన్నం తిన్నారా’ అంటాం కదా, వాళ్ళూ అదే అడుగుతారు, ‘అన్ కమ్ చువా?’ కమ్ అంటే అన్నం. చువా అంటే ‘అయ్యిందా, ఇంకా కాలేదా’ అని రెండూ కలిపిన మాట. తినేస్తే ‘అన్ రోయ్’ అంటాం, తినకపోతే ‘చువా’ అని ఒక్క మాట, ఇంకా లేదు అని. ఎక్కడా ‘డా’ లేదు చూడండి! చెరువు గట్టు మీద రోజుకి యాభైసార్లు వినేది ఇదే. మేత వేశారా? చువా. ఏరేటర్ ఆన్ చేశారా? రోయ్. చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) చూశావా? రోయ్ రోయ్. నేను మొదట్లో మేత సంగతి అడగాలంటే డా పెట్టి, పుస్తకంలో ఉన్నట్టు పెద్ద వాక్యం తయారుచేసుకునేవాణ్ణి, నేను దాన్ని పలకడం పూర్తయ్యేసరికి కుర్రాడు ఇంకో చెరువు దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

ఈ రోయ్ అనే మాట పాస్ట్ టెన్స్ కాదు, అది బాగా అర్థం చేసుకోవాలి. వాన మొదలైతే ‘ముఆ రోయ్’ అంటారు. వాన పడి వెలిసిపోయిందని కాదు, ఇప్పుడు పడుతోంది. మనం కిటికీలోంచి చూసి ‘వానొచ్చేసింది, బట్టలు తియ్యండి’ అంటాం చూడండి, ఆ ‘వచ్చేసింది’. కడుపు నిండితే ‘నో రోయ్’, నిండిపోయింది. ఆలస్యమైతే ‘చే రోయ్’, లేటైపోయింది. అర్థమైతే ‘హియెవ్ రోయ్’, అర్థమైపోయింది. తిన్నాకీ తినేశాకీ మనకి తేడా తెలుసు కదా, పోయింది, ఏసింది, ఏశా అని మనం క్రియకి చివర తగిలించే ఆ ముక్కలో ఉన్న భావం చాలావరకు ఈ రోయ్‌లో ఉంది. ఇంతకుముందు లేదు, ఇప్పుడు అయ్యింది, పరిస్థితి మారింది. మీ పాఠంలో దీన్ని ‘ఆల్రెడీ’ అని ఒక్క ముక్కలో కొట్టేశారు. ఇంగ్లీషు మీద ఎందుకండీ ఆధారపడటం, చేతిలో ‘తినేశా’ పెట్టుకుని. (హనోయి వైపు దీన్ని జోయ్ అంటారు, మా కామావ్ పల్లెల్లో కొందరు గోయ్ అనేవాళ్ళు, అక్కడ ర ని గ అంటారు, దాని మీద మిగతా దేశమంతా జోకులేస్తుంది. నేను ఇప్పటికీ నిద్రలో గోయ్ అంటున్నానని మా ఆవిడ అంటుంది.)

ఇక లేదు అనడం. మీ పాఠంలో ‘ఆయన నిన్న హనోయి వెళ్ళలేదు’ అనడానికి ‘డా ఖొంగ్ డీ’ అని వేశారు. ఖొంగ్ అంటే కాదు, లేదు. డీ అంటే వెళ్ళు. డా కూడా కలిపితే అర్థమవుతుంది కానీ మామూలు మాటలో బరువుగా ఉంటుంది, ‘వెళ్ళాల్సింది, అయినా వెళ్ళనే లేదు’ అన్నంత. మామూలుగా నిన్న అనేసి ఉత్తి ‘ఖొంగ్ డీ’ చాలు. దీనికంటే పెద్ద సంగతి ఖొంగ్‌కీ చువాకీ మధ్య తేడా, అది మీరు అసలు రాయలేదు. ‘వెళ్ళలేదు’ వేరు, ‘ఇంకా వెళ్ళలేదు’ వేరు, అంతే, మన తలకి తెలిసిందే. కానీ మనం మాటల్లో ‘ఇంకా’ అనేది చాలాసార్లు మింగేస్తాం, వాళ్ళు మింగరు. వెళ్ళిన కొత్తలో నన్ను ప్రతివాళ్ళూ అడిగిన ప్రశ్న, ‘పెళ్ళయిందా?’ అప్పటికి కాలేదు. నేను ‘ఖొంగ్’ అన్నా. అంటే నా లెక్కలో ‘లేదు’ అని. అడిగిన ఆంటీ మొహం అదోలా పెట్టి, పాపం అన్నట్టు చూసి, ఇంకో ముక్క కూర పెట్టింది నా ప్లేట్లో. నాలుగిళ్ళలో ఇలాగే కూర వచ్చాక ఆఫీసులో ఒకమ్మాయి చెప్పింది, ఆ ప్రశ్నకి చువా అనాలి, ఇంకా లేదు అని, ఖొంగ్ అంటే ‘లేదు, ఇక ఆ ఊసే లేదు’ అన్నట్టు వినబడుతుందని. అరవై ఏళ్ళ బ్రహ్మచారి అయినా సరే చువా అనే అంటాడట మర్యాదకి. భాషలో ఎంత ఆశ ఉందో చూడండి అనిపించింది నాకైతే, సరే అది వేరే సంగతి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ దెబ్బకొట్టింది మాత్రం ‘ఎప్పుడు’ అనే మాట. ఉత్తరాది వాళ్ళది ‘బావ్ జ’. దీన్ని వాక్యం ముందు పెట్టి అడిగితే ‘ఎప్పుడొస్తారు?’ అదే మాట వాక్యం చివర పెట్టి అడిగితే ‘ఎప్పుడొచ్చారు?’ క్రియ అదే, మనిషి అదే, డా లేదు, సే లేదు, చోటు మారిందంతే, కాలం మారిపోయింది. నాకిది తెలియక, ఒక డీలర్ ఫోన్ చేస్తే తెలుగు అలవాటుతో ‘మీరు రావడం ఎప్పుడు’ అన్న వరసలో బావ్ జ చివర పెట్టి అడిగా. ఆయన నేను రానే లేదు కదా అంటాడు. రాలేదని నాకూ తెలుసు, అందుకేగా అడుగుతున్నా అని నేను మళ్ళీ అదే వాక్యం ఇంకొంచెం గట్టిగా. ఐదు నిమిషాలు ఇద్దరం ఇలాగే. దక్షిణాది వాళ్ళు ఈ గొడవ లేకుండా రెండు మాటలే పెట్టుకున్నారు, జరిగిపోయిన ‘ఎప్పుడు’కి హోయ్ నావ్, జరగబోయే ‘ఎప్పుడు’కి చుంగ్ నావ్. ప్రశ్నలోనే కాలం ఉంది, క్రియలో వెతుక్కోనక్కర్లేదు. భూతకాలం పాఠం అని పెట్టి ఇది రాయకపోతే ఇంకేం రాసినట్టండీ?

మరి డా ఎందుకు, వాడనే వాడరా అంటే, వాడతారు. న్యూస్ పేపర్లో, ఆఫీసు కాగితాల్లో ఎక్కువగా కనబడుతుంది. మాటల్లో, ‘ఫలానా సమయానికి ముందే అయ్యింది’ అని నొక్కి చెప్పాల్సి వచ్చినప్పుడు. ముఖ్యంగా చూడండి, ‘వచ్చే ఏడాది మీరొచ్చేసరికి నేను ఇండియా వెళ్ళిపోయి ఉంటా’ అనే దాంట్లో కూడా డా వస్తుంది. వచ్చే ఏడాది సంగతిలో పాస్ట్ టెన్స్ గుర్తు ఏంటి? అంటే అది పాస్ట్ గుర్తు కాదన్నమాట, ‘దానికంటే ముందే’ అనే గుర్తు. ఇది ముందే చెప్తే కుర్రాళ్ళు ప్రతి క్రియకీ డా కొట్టుకుంటూ పోరు. ఇలాంటివే ఇంకో రెండున్నాయి, ‘మయ్’ అంటే ఇప్పుడే, కొత్తగా, ‘తుంగ్’ అంటే ఒకప్పుడు. నేను తుంగ్ కామావ్‌లో ఉన్నా అంటే ఒకప్పుడు ఉండేవాణ్ణి, ఆ అనుభవం ఉంది అని.

ఇక అచ్చులో వచ్చిన ఇంకో ఇబ్బంది. వాళ్ళకి స్వరాలు, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు, ఆరు, దక్షిణాన రెండు కలిసిపోయి ఐదు. మీరు తెలుగు అక్షరాల్లో ‘డా’ అని వేసేసరికి, నేనూ ఇప్పుడు అదే చేస్తున్నా వేరే దారి లేక, ఏ డా అనేది తెలియట్లేదు. ఈ భూతకాలం డా గొంతులో మధ్యలో టక్కున పట్టేసి పైకి లేస్తుంది హనోయి వైపు, కామావ్ వైపు కిందికెళ్ళి పైకొస్తుంది. ఊరికే పైకి లేపి డా అంటే రాయి, లేదా తన్నడం, లేదా ఐసు! అక్కడ కాఫీ షాపులో ‘కా ఫే సువా డా’ అంటే పాలు వేసిన ఐసు కాఫీ, ఆ డా ఇది. చదునుగా డా అంటే మర్రిచెట్టు. నేను నా వాంగ్మూలంలో అన్ని డాలూ కాఫీ డాలే పలికానట, అంటే లేచినప్పటి నుంచీ ప్రతి పనికీ ముందు ఒక తన్ను తన్నాననో, ఐసు వేసుకున్నాననో. వాళ్ళు నవ్వింది సగం దానికే. అందుకే పక్కన చిన్న బాణం గుర్తో, పైకి కిందికి గీతో ఏదోటి వేయండి, మన సంగీతం పుస్తకాల్లో స్వరాల పైనా కిందా చుక్కలు పెట్టట్లేదా.

ఇదంతా ఎందుకింత పట్టుదలగా రాస్తున్నానంటే, ఇప్పుడు హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లున్నాయి, మనవాళ్ళు హలాంగ్ బే, దనాంగ్ అంటూ టూర్లకి తెగ వెళ్తున్నారు, మా రొయ్యల లైన్లో కుర్రాళ్ళు పనికి వెళ్తున్నారు. వాళ్ళకి తెలుగులో నేర్పేవాళ్ళే లేరు, మీరు మొదలుపెట్టారు, అది చాలా మంచి పని, నిజంగా. కానీ తెలుగు అక్షరాల్లో ఇంగ్లీషు గ్రామర్ నేర్పితే అది తెలుగులో నేర్పినట్టు కాదు కదండీ.

గిడుగు రామమూర్తి గారిని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటూ మీరు వ్యాసాలు వేస్తారు, వ్యావహారికం కోసం పోరాడారని. ఆయన సవర భాష నేర్చుకుని 1931లో దాని మీద పుస్తకం కూడా వేశారు. మన శ్రీకాకుళం, పార్వతీపురం ఏజెన్సీలో మాట్లాడే ఆ సవరా, ఈ వియత్నామీసూ ఒకే పెద్ద కుటుంబం భాషలు, ఆస్ట్రోఏషియాటిక్ అంటారు, దూరపు చుట్టాలు. చుట్టాలే కానీ పోలికలు కనబడవు, సవరలో క్రియకి ముందూ వెనకా బోలెడు ముక్కలు అతుక్కుంటాయి, జరిగిన పనికి క్రియలోనే గుర్తు ఉంటుంది, వియత్నామీస్‌లో ఒక్క ముక్కా అతుక్కోదు. అప్పట్లో గిడుగు వారు సవర ఇళ్ళల్లో మనుషులు ఎలా మాట్లాడుకుంటున్నారో విని రాసుకున్నారు. మీ పాఠం రాసే వారిని కూడా ఒక్కసారి, హైదరాబాద్‌లోనో ఎక్కడో వియత్నాం వాళ్ళెవరైనా దొరికితే, పక్కన కూర్చుని ‘నిన్నేం చేశారు’ అని అడగమనండి. ఎన్ని డాలు వస్తాయో లెక్కపెట్టమనండి.

వచ్చే ఆదివారం భవిష్యత్ కాలం అని వేశారు ప్రకటనలో. ‘సే’ గురించి కూడా నాకు ఇలాంటిదే ఇంకో ఉత్తరం ఉంది, పాఠం చూశాక పంపాలా వద్దా ఆలోచిస్తా. పోయిన వారం వాక్యం మాత్రం, ఆయన హనోయి వెళ్ళలేదు అన్నది, సవరణ వేయండి దయచేసి, కుర్రాళ్ళు బట్టీ పట్టేస్తారు.

ఇట్లు,
రొయ్యల మేత టెక్నీషియన్ ఒకడు,
భీమవరం దగ్గర

తా.క. పెళ్ళి సంగతి అడుగుతారేమో, రోయ్.